కాగితం లేని గంటలు

వాడరేవు లైట్‌హౌస్‌కి కాస్త ఇవతల ఇల్లు కట్టుకుని ఉంటున్న రిటైర్డు సీఐ ఒకరు. ఈ చుట్టుపక్కల కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయరు ఆయన మేనకోడలు. ఇద్దరూ నాకు అయినవాళ్ళే. తప్పు చేసిన పోలీసుని ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న మీద ఏళ్ళుగా తగువులాడుకుంటున్నారు. ఈసారి మాట తెనాలి దగ్గర మొదలైంది. 2025 ఏప్రిల్‌లో అక్కడ ఐతానగర్‌లో ముగ్గురు యువకుల్ని నడిరోడ్డు మీద కూర్చోబెట్టి, అరికాళ్ళ మీద లాఠీలతో కొట్టారు. నెల తిరిగాక ఆ వీడియో బయటికొచ్చింది. చూసి కుమిలిపోయినవాళ్ళూ ఉన్నారు, భేష్ అన్నవాళ్ళూ ఉన్నారు. నేను కోడలి పక్షం. అయినా మామయ్య మాటల్లో తోసిపారేయడానికి వీల్లేనివి చాలా ఉన్నాయి. అందుకే ఇద్దరివీ రాస్తున్నాను.

మామయ్య: ఆ ముగ్గురూ ఎవరో ముందు చెప్పమ్మా. కానిస్టేబుల్ మీద దాడి చేశారని కేసు. పాత కేసులు కూడా ఉన్నాయని పోలీసులు చెప్పారు. యూనిఫాం మీద చెయ్యేసినవాడు కాలరెగరేసుకుని తిరిగితే, రేపు ఆ వీధిలో రాత్రి బీటుకి పోయే హోంగార్డు గతేంటి? రోడ్డు మీద కొట్టడం తప్పే, నేను కాదనను. ఏదైనా ఉంటే లోపల...

కోడలు: లోపలైతే తప్పు కాదా మామయ్యా?

మామయ్య: మాట పూర్తి చెయ్యనీ. భయం లేకపోతే స్టేషన్ నడవదు అంటున్నాను. 2020 డిసెంబరులో ఇదే వాడరేవుకీ కఠారివారిపాలేనికీ వలల మీద గొడవొచ్చి కొట్టుకున్నప్పుడు మధ్యలో నిలబడిందెవరు? మీ లాయర్లా?

కోడలు: మధ్యలో నిలబడినందుకు దణ్ణం పెడతాను. అది వేరే సంగతి. తెనాలిలో ఆ ముగ్గురూ చేతికి చిక్కి, కింద కూర్చుని ఉన్నారు. అలాంటివాణ్ణి కొట్టడానికి ఆత్మరక్షణ అన్న పేరు కూడా దొరకదు. దాడి చేశారా, సెక్షన్లు పెట్టండి, కోర్టుకి పంపండి. శిక్ష వేసే పని పోలీసుకి ఎవరిచ్చారు? ఇంకొకటి. అది రోడ్డు మీద జరిగింది కాబట్టి ఎవరి ఫోన్లోనో పడింది. లోపల జరిగితే ఎవరి ఫోన్లో పడుతుంది? నా దిగులంతా ఆ లోపలి సంగతే.

మామయ్య: నువ్వు దిగులుపడుతున్నావు, జనం పడటంలేదు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌లో పోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆడవాళ్ళు రాఖీలు కట్టారు. ఆ పూలు మేం కొని పంచినవి కావు.

కోడలు: ఆ నలుగురి సంగతి సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్‌కర్ కమిషన్ విచారించింది. 2022లో రిపోర్టు బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదనీ, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలనీ అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా కమిషన్ తేల్చింది. పూలు చల్లినప్పుడు ఇవేవీ జనానికి తెలియవు. తెలుసుకునే అవకాశమే లేకుండా ముగించేశారు కదా. మీ తెనాలికే వద్దాం. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో హత్యకు గురైంది తెనాలి అమ్మాయే. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008లో ఒక పేద యువకుణ్ణి పట్టుకొచ్చి వీడే అన్నారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పి, లక్ష రూపాయలు ఇమ్మంది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు మామయ్యా. ఆ ఎనిమిదేళ్ళూ అసలు హంతకుడు ఎక్కడ తిరిగాడో ఎవరైనా చెప్పగలరా? ఆ అమ్మాయి తల్లిదండ్రులు కూడా మొదట్నుంచీ వీడు కాదనే అన్నారు.

(ఇక్కడ మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ కేసుకీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. కానీ అలాంటి ఒత్తిడి ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.)

మామయ్య: నువ్వు చెప్పింది నిజం. ఇప్పుడు నా వైపు విను. గొలుసు దొంగతనాలు వరసగా నాలుగైదు జరిగాయనుకో. పొద్దున్నే పేపర్లో వస్తుంది. ఎనిమిదింటికి వైర్‌లెస్ సెట్‌లో ఎస్పీ గారు అడుగుతారు, రికవరీ ఎంత అని. ఎన్ని వేలిముద్రలు తీశావు, ఎంతమంది సాక్షుల్ని కలిశావు అని అడిగే అధికారిని నా సర్వీసులో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. రికవరీ కావాలి, అంతే. చేతిలో అనుమానితుడు ఉన్నాడు. ల్యాబు రిపోర్టు ఎప్పుడొస్తుందో తెలీదు. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని చట్టం. కానీ అదే మనిషి చెప్పిన చోట సొత్తు దొరికితే, ఆ చెప్పిన ముక్క వరకు చెల్లుతుంది. పాత సాక్ష్యాధారాల చట్టం 27వ సెక్షన్, కొత్త చట్టంలోనూ ఉంచారు. ఇంకేముంది, వాడి నోట్లోంచి ఆ ముక్క రావాలి. ఎలా వస్తుందంటావు? ఎస్సై రాక్షసుడై కొట్టడమ్మా. సాయంత్రానికి లెక్క చెప్పాలి కాబట్టి కొడతాడు.

కోడలు: ఈ మాట మీరు ఎప్పుడూ ఇంత సూటిగా చెప్పలేదు. సరే, ఒత్తిడితో కొట్టేది ఒకటి. ఏ ఒత్తిడీ లేకుండా జరిగేవి? మన పల్లెల్లో నేను రోజూ చూసేది చెప్తాను. పత్తికీ మిర్చికీ మందులు అప్పు మీద తెచ్చుకుంటాడు రైతు. పంట పోయింది, బాకీ మిగిలింది. కొట్టు యజమానికి స్టేషన్లో తెలిసినవాళ్ళున్నారు. పొద్దున తొమ్మిదింటికి ఫోనొస్తుంది, ‘సార్ రమ్మంటున్నారు’ అని. రైతు వస్తాడు. సెంట్రీ పక్కన బల్ల మీద కూర్చోమంటారు. ఫోను తీసుకుంటారు. సార్ బందోబస్తుకి వెళ్ళారంటారు. మధ్యాహ్నం భార్య క్యారేజీ తెస్తే గేటు దగ్గరే ఆపుతారు. చీకటి పడ్డాక సార్ వస్తాడు. రెండు బూతులు, ఒక చెంపదెబ్బ, ప్రామిసరీ నోటు మీద సంతకం. ఇంటికి పో అంటారు. అది అరెస్టు కాదు. కేసే లేదు కనక నోటీసూ లేదు. జనరల్ డైరీలో ఒక్క అక్షరం ఉండదు. ఆ పన్నెండు గంటలు ఆ మనిషి ఎక్కడున్నాడని రేపు ఎవరైనా అడిగితే, స్టేషన్ రికార్డు ప్రకారం ఎక్కడా లేడు.

మామయ్య: ఆ రైతు కోర్టుకి పోతే మీరేం చేస్తారు? పదేళ్ళు వాయిదాలు. స్టేషన్లో ఒక్క రోజులో తేలుతుంది. అందుకే వాళ్ళూ మా దగ్గరికే వస్తారు. పంచాయితీ మేం పిలిచి చెయ్యలేదు, జనమే తెచ్చి మా నెత్తిన పెట్టారు.

కోడలు: బాకీ రావాల్సినవాడు వస్తాడు. ఇవ్వాల్సినవాడు రాడు, వాణ్ణి రప్పిస్తారు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినవన్నీ ఉన్నాయి కదా. అరెస్టు మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. ఇవన్నీ అరెస్టు చేశామని పోలీసు ఒప్పుకున్న క్షణం నుంచి మొదలవుతాయి. ఒప్పుకోకముందు గంటలకి కాగితం లేదు. మనుషులు చచ్చిపోయేది ఎక్కువగా ఆ గంటల్లోనే. 2020 ఏప్రిల్ 20న సత్తెనపల్లిలో మందులకని బయటికొచ్చిన యువకుణ్ణి చెక్‌పోస్టు దగ్గర ఆపారు. కొట్టారని ఇంట్లోవాళ్ళు అన్నారు, గుండెజబ్బుతో పడిపోయాడని పోలీసులు అన్నారు. మనిషి పోయాడు. మూడు నెలలు తిరక్కుండా మన చీరాల. జులై 18న మాస్కు లేదని ఒక దళిత యువకుణ్ణీ అతని స్నేహితుణ్ణీ ఆపారు. జులై 22న ఆ కుర్రాడు గుంటూరు ఆస్పత్రిలో చనిపోయాడు.

మామయ్య: జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. కొట్టారని తండ్రి చెప్పాడు. నువ్వు జీపులో ఉన్నావా?

కోడలు: లేను. మీరూ లేరు. ఉన్నవాళ్ళు ఎవరో, మొదటి కాగితం రాసిందీ వాళ్ళే. నా అభ్యంతరం అదే. కొట్టారని నేను తీర్పు చెప్పడంలేదు. తీర్పు చెప్పడానికి కావలసిన కాగితాలన్నీ నిందపడినవాళ్ళ చేతిలో ఉన్నాయంటున్నాను. చీరాల ఎస్సైని సస్పెండ్ చేశారు, ముఖ్యమంత్రి పది లక్షలు ప్రకటించారు. మాస్కు లేనందుకు ఆపితే మనిషి ప్రాణం పోయింది, దానికి వెంటనే వచ్చిన జవాబు అది. అదే వారంలో, జులై 20న, తూర్పుగోదావరి సీతానగరం స్టేషన్లో ఇంకో దళిత యువకుడికి గుండు గీయించారు. స్టేషన్లోకి మంగలిని పిలిపించి చేసిన పని అది. ఎంత ధీమా ఉంటే చేస్తారు! ఆ ధీమా కులాన్ని బట్టి వస్తుంది మామయ్యా. కారంచేడు మనకి ఎంత దూరం? 1985లో అక్కడ దళితుల మీద దాడి జరిగితే ప్రాణాలు అరచేతిలో పట్టుకుని చీరాలకి పరుగెత్తి వచ్చినవాళ్ళ పిల్లలకి, మనవళ్ళకి స్టేషన్ అంటే ఏం గుర్తొస్తుందో మీరే ఆలోచించండి.

మామయ్య: సీతానగరం ఎస్సైని సస్పెండ్ చేశారు, అరెస్టు కూడా చేశారు. నేనడిగేది ఇది. ఎప్పుడూ ఎస్సై దగ్గరే ఎందుకు ఆగుతుంది? స్టేషన్‌కి ఫోన్ చేసినవాడి పేరు ఏ ఎఫ్‌ఐఆర్‌లో వచ్చింది? ఎస్సై పోస్టింగు ఎమ్మెల్యే లెటర్ మీద వస్తుందని ఈ రాష్ట్రంలో పాలుతాగే పిల్లాడికి తెలుసు. లెటరిచ్చినవాడు ‘వాడి సంగతి చూడు’ అంటే చూడకుండా ఎన్నాళ్ళు ఉంటాడు? చూస్తే సస్పెన్షన్, చూడకపోతే వీఆర్, అంటే పోస్టింగు లేకుండా కూర్చోవడం. కానిస్టేబుల్ సంగతి సరేసరి. వారానికొక సెలవు అన్నారు 2019లో. అది ఎన్ని స్టేషన్లలో నడిచిందో వాళ్ళ భార్యల్ని అడుగు. పద్దెనిమిది గంటలు ఎండలో నిలబెట్టిన మనిషి చేతికి లాఠీ ఇచ్చి, వాడు బుద్ధుడిలా ఉండాలంటారు.

కోడలు: పైవాళ్ళ సంగతి మీరే ఎత్తారు. రఘురామకృష్ణరాజు కేసు చూడండి. 2021 మే 14న అప్పటి నరసాపురం ఎంపీని హైదరాబాదులో సీఐడీ అరెస్టు చేసి గుంటూరు ఆఫీసుకి తెచ్చింది. రాత్రి అరికాళ్ళ మీద కొట్టారని ఆయన కోర్టులో చెప్పారు. గుంటూరు డాక్టర్లు దెబ్బల్లేవన్నారు. సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ ఆస్పత్రికి పంపితే, కాలివేలి ఎముక విరిగిందని రిపోర్టు వచ్చింది. ఒకే పాదం, రెండు ఆస్పత్రులు, రెండు రిపోర్టులు. మే 21న బెయిలొచ్చింది. అప్పటి సీఐడీ అధిపతి సునీల్‌కుమార్ మీద, ఇంకొందరి మీద గుంటూరు నగరంపాలెం స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ ఎప్పుడు పడింది? 2024 జులైలో, ప్రభుత్వం మారాక. ఆరోపణలు నిజమా కాదా కోర్టు తేలుస్తుంది. నేను చెప్పేది ఆ మూడేళ్ళ గురించి. ఎంపీ అయి ఉండి, సుప్రీంకోర్టు దాకా పోగలిగి ఉండి, ఆర్మీ డాక్టరు రిపోర్టు చేతిలో ఉండి కూడా ఎఫ్‌ఐఆర్ కోసం తన పక్షం గెలిచేదాకా ఆగాల్సొచ్చింది. చీరాల కుర్రాడి తండ్రికి ఏ పక్షం ఉంది?

మామయ్య: చూశావా, నువ్వే నా మాటకొచ్చావు. ప్రభుత్వం మారితేనే కేసు పడుతుందంటే అది రాజకీయం. ఆ ప్రభుత్వంలో వీళ్ళు, ఈ ప్రభుత్వంలో వాళ్ళు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసు తీర్పు మీ లాయర్లు ఎప్పుడూ సగమే చదువుతారు. పోలీసు మీద ఫిర్యాదులకి స్వతంత్ర అథారిటీ పెట్టమన్న ముక్క ఒక్కటే మీకు కనబడుతుంది. స్టేషన్ ఆఫీసర్‌కి రెండేళ్ళు కదపకుండా పోస్టింగు ఇమ్మన్నదీ అదే తీర్పు. బదిలీలు బోర్డు చూసుకోవాలి, శాంతిభద్రతల సిబ్బంది వేరు, దర్యాప్తు సిబ్బంది వేరు అన్నదీ అదే తీర్పు. అవి అమలు చేసుంటే, ఎమ్మెల్యే ఫోన్ చేసినప్పుడు ‘కుదరదండీ’ అనే ధైర్యం ఎస్సైకి ఉండేది. మమ్మల్ని కాపాడేది ఒక్కటి ఇవ్వకుండా, పట్టుకునేవి మాత్రం రోజుకొకటి తెస్తారు.

కోడలు: ఒప్పుకుంటాను, రెండూ కావాలి. కానీ పట్టుకునేవి తెచ్చారంటే మాత్రం ఒప్పుకోను. ఏవి వచ్చాయి? ఆ అథారిటీ సంగతే చూడండి. మన రాష్ట్రంలో 2021లో జస్టిస్ కనగరాజ్ గారిని ఛైర్మన్‌గా వేస్తే వయసు నిబంధన మీద హైకోర్టుకెక్కింది. ఇవాళ చీరాలలో దెబ్బతిన్నవాడు ఎక్కడికి పోవాలో నా క్లయింట్లలో ఒక్కరికి తెలీదు. మానవ హక్కుల కమిషన్‌ని 2021లో కర్నూలుకి మార్చారు. మన మత్స్యకారుడు బస్సెక్కి కర్నూలు పోతాడా? సీసీ కెమెరాలు లోపలా బయటా పెట్టి, ఫుటేజీ పద్దెనిమిది నెలలు దాచమని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నేను ఫుటేజీ అడిగినప్పుడు వచ్చే జవాబు, కెమెరా పనిచెయ్యలేదు.

మామయ్య: మేజిస్ట్రేటు లేడా? 24 గంటల్లో ఆయన ముందు నిలబెడుతున్నాం కదా. కొట్టారా అని అడుగుతారు కదా.

కోడలు: అడుగుతారు. నేను చూస్తూనే ఉంటాను. కుర్రాడు బోనులో ఉంటాడు. తీసుకొచ్చిన కానిస్టేబుల్ వాడి భుజానికి ఆనుకుని నిలబడతాడు. ‘పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?’ అని పైనుంచి అడుగుతారు. వాడు ముందు కానిస్టేబుల్ వైపు చూస్తాడు, ఆ తరవాత ‘లేదండీ’ అంటాడు. డాక్టరు సర్టిఫికెట్ మీద దెబ్బల్లేవని ఉంటుంది. రిమాండ్ ఆర్డరు మీద సంతకం పడుతుంది. అంతా కలిపి రెండు నిమిషాలు. బయటికొచ్చాక చొక్కా ఎత్తి నాకు చూపిస్తాడు. నేను మెమో వేస్తే, ‘లాయరమ్మ నేర్పించింది’ అంటారు. చట్టం ప్రకారం జరగాల్సిందంతా జరిగింది మామయ్యా. ఒక్క నిజం తప్ప అన్నీ రికార్డు అయ్యాయి.

(కోర్టు వరండాలో కాసేపు నిలబడి చూస్తే ఎవరికైనా ఇది కనబడుతుంది. నేనూ చూశాను. ఆ కానిస్టేబుల్‌ని రెండు నిమిషాలు బయట నిలబెట్టడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదని నా నమ్మకం.)

మామయ్య: మరి నీకేం కావాలో ఒక్కటి చెప్పు. పది చెప్పకు.

కోడలు: ఒక్కటే చెప్తాను. స్టేషన్లోకి బాగానే నడిచి వెళ్ళిన మనిషి దెబ్బలతోనో శవమయ్యో బయటికొస్తే, ఎలా జరిగిందో స్టేషన్ చెప్పాలి. చెప్పలేకపోతే ఆ దెబ్బ వాళ్ళే కొట్టారని కోర్టు అనుకోవచ్చు. లా కమిషన్ ఈ మాట 1985లోనే చెప్పింది, 113వ రిపోర్టులో. సాక్ష్యాధారాల చట్టంలో 114-బి అని కొత్త సెక్షన్ పెట్టమంది. 2017లో 273వ రిపోర్టులో మళ్ళీ చెప్పింది. చిత్రహింసలకి వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, ఇప్పటికీ ఆమోదించలేదు. 2010లో బిల్లు లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటలేదు. 2024 జులై నుంచి ప్రధాన క్రిమినల్ చట్టాలు కొత్తవి వచ్చాయి. ఆ ఒక్క సెక్షన్ మాత్రం వాటిలోనూ లేదు.

మామయ్య: నిరూపించే భారం మా మీద పెడతావన్నమాట. దొంగ మీద లేని భారం పోలీసు మీద. న్యాయమేనా? రాత్రి డ్యూటీలో ఉన్న నలుగురిలో ఒకడు కొడితే మిగతా ముగ్గురూ దోషులేనా? చూసినవాళ్ళు చెప్తారు, సాక్ష్యం తీసుకోండి.

కోడలు: చెప్తారా? 2020 జూన్‌లో తమిళనాడులో సాత్తాంకుళం స్టేషన్లో తండ్రీకొడుకుల్ని రాత్రంతా కొట్టిన కేసులో, రేవతి అనే హెడ్ కానిస్టేబుల్ మేజిస్ట్రేటు ముందు నోరు విప్పింది. బల్లల మీద, లాఠీల మీద నెత్తుటి మరకలున్నాయని చెప్పింది. ఆమె వాంగ్మూలం ఇస్తుంటే ఆ స్టేషన్ వాళ్ళు మేజిస్ట్రేటునే బెదిరించారు. సీసీ కెమెరా హార్డ్ డిస్కులో చోటున్నా, ఏరోజు ఫుటేజీ ఆరోజు చెరిగిపోయేలా పెట్టారని ఆ మేజిస్ట్రేటే హైకోర్టుకి రాశారు. ఆమె చెప్పింది కాబట్టి సీబీఐ తొమ్మిదిమంది మీద ఛార్జిషీటు వెయ్యగలిగింది. ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ పక్క గదిలో అలా జరిగితే, మీరు అలా చెప్పేవాళ్ళా?

మామయ్య: చెప్పేవాణ్ణి కాదు. అబద్ధం ఎందుకాడాలి? చెప్పి ఏ స్టేషన్లో పనిచెయ్యను? రేపు గొడవలో ముందుకి పోయినప్పుడు నా వెనక ఎవరు నిలబడతారు? ఆమెకి రక్షణగా పోలీసుల్నే కాపలా పెట్టాల్సొచ్చింది చూడు, అంతకంటే ఏం చెప్పను? అలా చెప్పినవాళ్ళకి రక్షణ ఇవ్వండి, కోరుకున్న జిల్లాకి బదిలీ ఇవ్వండి, ప్రమోషన్ పోదని రాసివ్వండి. అప్పుడు అడుగు.

కోడలు: అవన్నీ ఇవ్వాలి, నేనూ అడుగుతాను. కానీ మీరిప్పుడు చెప్పినదాన్నే నేను కోర్టులో వాదించుకుంటాను మామయ్యా. ముప్పై ఏళ్ళు చెయ్యి చాపకుండా పనిచేసిన మీరే నోరు విప్పనంటున్నారు. ఆ గదిలో ఏం జరిగిందో చెప్పగలిగేవాళ్ళు ఇద్దరే, కొట్టినవాళ్ళు, చూసినవాళ్ళు. ఇద్దరూ చెప్పరు. దెబ్బతిన్నవాడు బతికుంటే కానిస్టేబుల్ వైపు చూస్తాడు, పోతే ఇక చూడడు. ఇంకెవర్ని అడగాలి? అందుకే భారం స్టేషన్ మీద పెట్టమనేది. దొంగకీ పోలీసుకీ తేడా అదే. దొంగ ఇంటి తాళం మీ చేతిలో ఉండదు. లాకప్ తాళం మీ చేతిలోనే ఉంటుంది.

మామయ్య: ఆ చట్టం తెస్తే ఏమవుతుందో నేను చెప్తాను. రాత్రి పన్నెండింటికి తాగి, ఎక్కడో దెబ్బలు తిని రోడ్డు పక్కన పడిపోయినవాణ్ణి ఏ కానిస్టేబులూ స్టేషన్లోకి తీసుకురాడు. మా నెత్తికెందుకని చూడనట్టు పోతాడు.

కోడలు: వాణ్ణి స్టేషన్‌కెందుకు తేవాలి? ఆస్పత్రికి తీసుకెళ్ళమనండి. దెబ్బలు ముందు డాక్టరు రాస్తాడు, ఆ తరవాత మీరు రాస్తారు.

మామయ్య: రాత్రి పన్నెండింటికి డాక్టరు ఉండాలి కదా.

కోడలు: ఉండాలి. అది కూడా అడుగుదాం.